మెరుపు తగ్గిన గొలుసులు

మా ఇంట్లో ఎవరూ నగలు పెట్టుకోరు. ఆదివారం ప్రార్థనకి వెళ్ళేటప్పుడు మా అమ్మ తెల్లచీర కట్టుకుని చేతికి వాచీ పెట్టుకుంటుంది, అదే ఆవిడ అలంకారం. నాకు చెవులు కూడా కుట్టించలేదు. అలాంటిదాన్ని బందరులో కవరింగ్ నగలు చేసే కంపెనీలో ఉద్యోగానికి చేరానని చెప్పేసరికి అమ్మ కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

"గుడివాడలో హాస్టల్లో పెట్టి ఎంబీఏ చదివించింది ఇత్తడికి బంగారం నీళ్ళు పూయించడానికా?" అంది.

"పూసేది నేను కాదమ్మా. అమ్మేది కూడా నేను కాదు."

"మరి నువ్వేం చేస్తావే?"

నా ఉద్యోగం పేరు ప్రోడక్ట్ మార్కెటింగ్. ఏ నగ చెయ్యాలో, దాన్ని జనానికి ఏమని చెప్పాలో ఆలోచించే పని అని చెప్పాను. "ఆలోచించడానికి కూడా జీతాలిస్తున్నారా" అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదని చేరిన మొదటి నెలలోనే తెలిసొచ్చింది. ఎందుకంటే ఆలోచించడానికి నా దగ్గర ఏమీ లేదు. కొనేవాళ్ళెవరో, ఎందుకు కొంటారో నాకు తెలియదు. తెలిసిన వాళ్ళు సేల్స్‌వాళ్ళు. వాళ్ళు నోరు విప్పరు.

మా కంపెనీలో ఒక్కో సేల్స్‌మన్‌కి ఒక్కో లైను ఉంటుంది. లైను అంటే నగల ట్రేలు సంచిలో పెట్టుకుని అతను షాపు షాపుకీ తిరిగే ఊళ్ళ వరస. గుడివాడ లైను, దివిసీమ లైను, అలా. కంపెనీ పెట్టిన పెద్దాయన వయసు మీద పడి ఇంటిపట్టునే ఉంటున్నారు. వ్యవహారమంతా హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడుగారి చేతిలో ఉంది. ఈ అల్లుడుగారు నన్ను చేర్చుకున్నప్పుడే ఒకటే మాట చెప్పారు. "కస్టమర్ మనసులో ఏముందో మన సేల్స్ టీముకి తెలుసు. అది మీ టేబుల్ మీదికి రావాలి. ఎలా రప్పిస్తారో మీ ఇష్టం."

నా ఇష్టమేనట! నేను వాట్సాప్ గ్రూపు పెట్టాను, 'కస్టమర్ వాయిస్' అని. షాపులో జనం అన్న మాట ఏదైనా సరే, ఒక్క ముక్క అందులో పెట్టమన్నాను. మర్నాడు పొద్దున్నే గులాబీపువ్వు మీద గుడ్ మార్నింగ్ వచ్చింది. దాని కింద వేంకటేశ్వరస్వామి. ఆ తర్వాత ఎవరో పాప పుట్టినరోజు కేకు. నేను మళ్ళీ గుర్తు చేస్తే గుడివాడ లైను అతను "కస్టమర్లు హ్యాపీ మేడమ్" అని పెట్టాడు. మిగతావాళ్ళు "సేమ్" అని పెట్టారు.

సోమవారం మీటింగుకి మిరపకాయ బజ్జీలు తెప్పించాను. బజ్జీలు తిన్నారు, చేతులు తుడుచుకున్నారు, కస్టమర్లు హ్యాపీయే అన్నారు. నెలనెలా మంచి విషయం చెప్పినవాళ్ళకి ప్రెషర్ కుక్కరు బహుమతి అని ప్రకటించాను. ఆ కుక్కరు అట్టపెట్టెతో సహా నా టేబుల్ మీద కూర్చుని నన్నే చూసేది. ఎవరూ దాని జోలికి రాలేదు.

చివరికి గుడివాడ అతన్ని టీకొట్టు దగ్గర పట్టుకుని నిలదీశాను. "ఏంటండీ మీ బాధ? నేనేమైనా మీ మీద కంప్లైంట్ రాస్తున్నానా?"

"అది కాదు మేడమ్. షాపాయన నన్ను బావా అంటాడు, కూర్చోబెట్టి టీ ఇస్తాడు, నాలుగు మాటలు చెబుతాడు. ఆ మాటలు మోసుకొచ్చి ఆఫీసులో పెడితే దాన్ని మా ఊళ్ళో చాడీలంటారు. ఇంకోసారి గుమ్మం ఎక్కనిస్తాడా?"

"చాడీలేంటండీ? దీన్ని కస్టమర్ ఇన్‌సైట్ అంటారు!"

"మీరు ఏ పేరైనా పెట్టుకోండి మేడమ్" అని నా టీ డబ్బులు కూడా అతనే ఇచ్చి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గోడకి చెప్పుకున్నా నయమే, అది కనీసం టీ తాగించి పంపదు.

వీళ్ళందరిలోకీ బెల్లం కొట్టిన రాయి దివిసీమ లైను చూసే పెద్దమనిషి. ఆయనది నాగాయలంక వైపు, సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. తనకి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేదట, అందుకని కుర్రతనంలోనే ట్రేలు పట్టుకున్నాడు. అవనిగడ్డ నుంచి కోడూరు దాకా ప్రతి ఫ్యాన్సీ షాపులోనూ ఆయన్ని మావయ్యా అనే పిలుస్తారు. ఆఫీసులోనూ అంతే. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. "మెడలో దారప్పోగు లేని పిల్ల మాకు నగల గురించి చెబుతోందిరా" అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. ఆయన నవ్వితే ఎవరికీ రాదు.

ఈ మావయ్యకి ఒక విచిత్రమైన అలవాటుంది. కవరింగ్ గొలుసు షాపులో ఎక్కువకాలం ఉంటే మెరుపు తగ్గుతుంది. అలాంటి సరుకు అన్ని లైన్ల నుంచీ వెనక్కి వస్తుంది, దాన్ని మళ్ళీ పాలిష్ వేసి పంపుతారు. దివిసీమ నుంచి మాత్రం ఒక్క గొలుసు కూడా వెనక్కి రాదు. అది చాలదన్నట్టు, గుడివాడ నుంచి తిరిగొచ్చిన మెరుపు తగ్గిన సరుకు కూడా గోడౌన్‌లో ఏరి, ఇది నాకివ్వండని పట్టుకుపోతాడు. కొత్త సరుకుకి కట్టే ధరే దానికీ కడతాడు. ఎందుకు మావయ్యా అంటే, "మావైపు అలాంటివే పోతాయమ్మాయ్" అంటాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలదు.

పెద్దాయన ఉన్నంతకాలం దాని గురించి ఎవరూ అడగలేదు. అల్లుడుగారు వచ్చాక అడిగారు. ఆయన ఐదేళ్ళ గ్యారంటీతో ధగధగా మెరిసే కొత్త రకం గొలుసులు తెద్దామని చూస్తున్నారు. మెరుపు తగ్గిన సరుకు బజారులో కనపడితే కంపెనీ పరువు పోతుందని, ఉన్నదంతా కరిగించెయ్యమన్నారు. మావయ్య వెళ్ళి తన లైనుకి అది వదిలెయ్యమని బతిమాలాడు. కారణం అడిగితే చెప్పలేదు. దాంతో అల్లుడుగారికి అనుమానం పుట్టింది.

నన్ను పిలిచి తలుపు వేయించారు. "ఆ ముసలాయన ఏదో సొంత వ్యాపారం నడుపుతున్నాడు. లేదంటే పాత సరుకు కొత్తదని చెప్పి జనాన్ని మోసం చేస్తున్నాడు. వచ్చే మీటింగులోగా కారణం చెప్పాలి. చెప్పకపోతే దివిసీమ లైను వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నా. మీరే కనుక్కోండి, మీ పని అదేగా."

లైను పోతే మావయ్య ఏం చేస్తాడు? ఈ వయసులో ఇంకెవరు ట్రేలు ఇస్తారు? జీతం సంగతి పక్కన పెట్టండి, ఆ మనిషికి ఆ ఊళ్ళే బతుకు. వాటిల్లోకి ట్రే లేకుండా వెళ్ళడమంటే ఆయనకి చావుతో సమానం. నేను మర్నాడే ఆయన వెంట బస్సెక్కాను. "ఇవాళ నీకు చేపల పులుసు పెట్టిస్తా పద" అన్నాడు తప్ప ఎందుకొస్తున్నావని అడగలేదు.

అవనిగడ్డ బస్టాండు పక్కన ఒక గాజుల షాపు ఉంది. దాన్ని నడిపేది ఒక నడివయసావిడ. మేం వెళ్ళి ట్రేలు విప్పి కూర్చున్నామో లేదో పాతికేళ్ళ అమ్మాయి ఒకామె లోపలికి వచ్చింది. పమిట మెడచుట్టూ బిగించి కప్పుకుంది. షాపావిడ ఆమెని చూడగానే గొంతు తగ్గించి, "ఎన్నేళ్ళది కావాలమ్మా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. గొలుసు ఎన్ని పేటలది అని అడుగుతారు, ఎంత పొడుగు అని అడుగుతారు. ఎన్నేళ్ళది అని అడగడం ఎక్కడా వినలేదు.

"పెళ్ళినాటిదండీ. మా పెద్దోడు బళ్ళో చేరాడు" అంది ఆ అమ్మాయి.

మావయ్య మెరుపు తగ్గిన గొలుసుల ట్రే ఆమె ముందుకి జరిపి, వీపు తిప్పి రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను కూడా కళ్ళతోనే ఇటు తిరగమన్నాడు. ఆ అమ్మాయి పర్సులోంచి ఏదో ఫోటో తీసి చూపించింది. తన పెళ్ళిఫోటో అయ్యుంటుంది. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటూ ఏరారు. నేను ఉండబట్టలేక ఓరగా చూశాను. షాపావిడ పసుపుకొమ్ము అరగదీసి గొలుసు లంకెల మధ్య వేలితో నెమ్మదిగా అద్దుతోంది. ఏళ్ళ తరబడి మెడకి రాసుకున్న పసుపు గొలుసులో ఇరుక్కుపోతుందే, అచ్చం అలాగే. ఆ అమ్మాయి దాన్ని మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకుంది. అప్పటిదాకా బిగించి పట్టుకున్న పమిట వదిలేసింది. వెళ్తూ వెళ్తూ మావయ్య వీపు వైపు చూసి, "వస్తా మావయ్యా" అంది. ఆయన తిరక్కుండానే "మంచిదమ్మా" అన్నాడు.

తిరుగుబస్సు మోపిదేవి దాటింది. ఆ తర్వాత ఆయనే మొదలుపెట్టాడు.

"చూశావుగా. ఇంకేం అడగొద్దు."

"వాళ్ళ బంగారు గొలుసులు ఏమయ్యాయి మావయ్యా?"

"ఎవరి బాధ వాళ్ళది. ఒకామె హంసలదీవిలో పున్నమి స్నానానికి సముద్రంలో మునిగితే కెరటం లాక్కుపోయింది. ఒకామె తమ్ముడి చదువుకి ఇచ్చేసింది, అత్తారింట్లో తెలిస్తే కాపరం కూలిపోద్ది. ఒకామె పిల్లోడి ఆస్పత్రికి పెట్టింది. నేను అడగను. షాపులో వాళ్ళూ అడగరు. ఎన్నేళ్ళది అంటారు, అంతే. కొత్తగా మెరిసే గొలుసు మెళ్ళో వేసుకుని ఇంటికెళ్తే అత్త ఊరుకుద్దా? ఇదెక్కడిదే అని అడగదూ?"

పమిట బిగించుకున్న ఆ అమ్మాయి గుర్తొచ్చి బాధేసింది. అదే సమయంలో, నిజం చెప్పాలంటే, లోపల ఎగిరి గంతేశాను కూడా. బజ్జీలకి రాలనిది, కుక్కరుకి రాలనిది, ఇన్నాళ్ళకి దొరికింది! ఆవైపు ఆడవాళ్ళకి కావాల్సింది ఐదేళ్ళు చెక్కుచెదరని మెరుపు కాదు, ఐదేళ్ళ కిందటి మెరుపు.

"మావయ్యా, ఇది మీటింగులో చెప్పండి. పేర్లు వద్దు, ఊళ్ళు వద్దు. మా లైనులో కొత్త మెరుపు అడగరు అనండి చాలు. మీ లైను మీకుంటుంది."

"అంత మాత్రం చెబితే ఎందుకని అడుగుతాడు ఆయన. ఎందుకో చెప్పాలి. ఆ మీటింగులో ఎవరుంటారు? పాలిష్‌లో చేసే ఆడపిల్లలది చల్లపల్లి. అకౌంట్సు కుర్రోడి అత్తారిది మోపిదేవి. పొద్దు గూకేసరికి ఊరంతా తెలిసిపోద్ది. నా లైను కోసం వాళ్ళ కాపరాలు బజార్న పెడతానా?"

"మరి లైను పోతే?"

"పోనీ" అన్నాడు. అని కిటికీలోంచి బయటికి చూశాడు. నువ్వు చెప్పవుగా అని అడిగాడు. చెప్పనన్నాను. ఇంకేం అంటాను?

మీటింగు రోజు వచ్చింది. అందరూ హాల్లో కూర్చున్నాం. పాలిష్ సెక్షన్ ఆడవాళ్ళని కూడా పిలిపించారు. అల్లుడుగారు తెరమీద కొత్త గొలుసు బొమ్మ వేశారు. కళ్ళు చెదిరేలా ఉంది. ఆ పక్కనే గ్యారంటీ కార్డు. "ఇకనుంచి గొలుసు కొన్న ప్రతి కస్టమర్ దగ్గరా ఫోన్ నంబరు తీసుకోవాలి. కొన్న వెంటనే మన కంపెనీ నుంచి థాంక్యూ మెసేజ్ వెళ్తుంది. ఏ రకం కొన్నారు, గ్యారంటీ ఎప్పటిదాకా, అన్నీ ఉంటాయి" అన్నారు. ఆ తర్వాత నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. "దివిసీమ లైను వచ్చే నెల నుంచి వేరే ఆయన చూస్తారు" అన్నారు.

మావయ్య లేచి నిలబడ్డాడు. తన లైను గురించి మాట్లాడతాడనుకున్నాను.

"సార్, లైను ఎవరికైనా ఇచ్చుకోండి. ఆ మెసేజ్ మాత్రం మావైపు పంపకండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఎందుకు పంపకూడదు?"

"ఇళ్ళల్లో ఫోన్లు మొగుళ్ళ దగ్గరుంటాయి సార్."

"ఉంటే?"

ఆయన నా వైపు చూశాడు. అప్పుడు చెప్పాడు. ఒక్కొక్క ముక్కా పళ్ళ మధ్య నుంచి లాగుతున్నట్టు చెప్పాడు. ఎన్నేళ్ళది అని అడగడం, పసుపు అద్దడం, అత్తలు, ఆస్పత్రులు, సముద్రం. పేర్లు మాత్రం చెప్పలేదు. పాలిష్ సెక్షన్‌లో ఒకమ్మాయి చెయ్యి మెడ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

అల్లుడుగారు చప్పట్లు కొట్టారు. "ఇదీ, ఇదీ ఇన్‌సైట్ అంటే! ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?" అని వచ్చి మావయ్యని కౌగిలించుకున్నారు. మెసేజీలు రద్దు. లైను మావయ్యదే. నా టేబుల్ మీది కుక్కరు తెప్పించి ఆయన చేతిలో పెట్టి ఫోటో తీయించారు. ఆ ఫోటోలో మావయ్య కుక్కరుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని అయోమయంగా చూస్తుంటాడు.

నేను ఆ రోజు చాలా సంతోషపడ్డాను. ఎందుకు దాచుకోవాలి? లైను నిలబడింది, మెసేజీల పీడ వదిలింది, నా ఉద్యోగానికి ఒక అర్థం దొరికింది. గేటు దగ్గర మావయ్య ఆగి, "అమ్మాయ్, మంచి పనే చేశానంటావా?" అన్నాడు.

"బంగారంలాంటి పని చేశారు" అన్నాను.

కొన్ని వారాలకి నా ఫోనుకి ఒక బొమ్మ వచ్చింది. విజయవాడలో ప్రకటనలు చేసేవాళ్ళు పంపారు. కొత్త రకం గొలుసుల పేరు 'పాత మెరుపు'. బొమ్మలో ఒక అత్తగారు భూతద్దం పెట్టుకుని కోడలి మెడలోకి తొంగి చూస్తోంది. కోడలు మనకి కన్ను గీటుతోంది. కింద పెద్ద అక్షరాలు: మీ అత్తగారు కూడా కనిపెట్టలేరు!

అల్లుడుగారి గదికి పరిగెత్తాను.

"సార్, ఇది వెయ్యకండి. దాచుకోవడానికి కొనే వస్తువు సార్ అది. దాన్ని దాచుకుంటారని బోర్డు కట్టి చెబితే ఇంక దాగేదేముంది?"

"భలేవారే. జనానికి కావాల్సింది మన దగ్గరుందని చెప్పకపోతే అమ్మడం ఎలా?"

"వాళ్ళకి తెలుసు సార్. తెలియంది అత్తలకి. వాళ్ళకి చెబుతున్నాం మనం."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు. ఇది కామెడీ. జనం నవ్వుకుంటారు. అయినా సేల్స్ నుంచి ఇన్‌సైట్ రాబట్టి వాడుకోవాలని మీటింగ్ మీటింగ్‌కీ చెప్పింది మీరేగా? వచ్చింది, వాడుకుంటున్నాం."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. దివిసీమ వరకైనా వద్దన్నాను. ఐడియా పుట్టిందే అక్కడైతే అక్కడ వెయ్యకపోవడమేమిటని నవ్వారు. పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన అంతా విని, "ఇప్పుడంతా అల్లుడే చూసుకుంటున్నాడమ్మా" అని కాఫీ ఇప్పించారు. ఆ కాఫీ గ్లాసు పట్టుకుని ఆ వరండాలో కూర్చుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఉద్యోగం మానేసి వెళ్ళిపోనా అనుకున్నాను. నేను మానేస్తే మాత్రం బొమ్మ ఆగుతుందా?

బొమ్మ ఆగలేదు. బస్టాండుల్లో ఫ్లెక్సీలు కట్టారు, ఆటోల వెనకాల అంటించారు. గుడివాడలో కాలేజీ అమ్మాయిలు ఆ బొమ్మతో ఫోటోలు దిగి ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు. అక్కడ గొలుసులు వేడివేడి బజ్జీల్లా పోయాయి. అల్లుడుగారు నాకు జీతం పెంచారు. దివిసీమలో మాత్రం అమ్మకం పడిపోయింది. పడిపోయిందంటే తగ్గిందని కాదు. అసలు లేదు.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. సోమవారం మీటింగుకి వచ్చి చివరి కుర్చీలో కూర్చునేవాడు, దారప్పోగు మాట ఎత్తేవాడు కాదు. నేను పలకరిస్తే "ఆఁ అమ్మాయ్" అనేవాడు. అంతే.

"దివిసీమ ఎందుకు పడిపోయిందో మీరే వెళ్ళి కనుక్కుని రండి" అన్నారు అల్లుడుగారు. కనుక్కోవడానికి ఏముంది? అయినా వెళ్ళాను. మావయ్య పక్క సీట్లో కూర్చుని ట్రేల సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మోపిదేవిలో గుండు కొట్టించుకున్న పిల్లల్ని ఎత్తుకుని జనం బస్సెక్కారు. రోడ్డు మలుపులో మా ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంటోంది. మావయ్య అటు చూడలేదు.

షాపావిడ మమ్మల్ని చూసి కుర్చీలు వేసింది. ట్రేలు మాత్రం విప్పొద్దంది. "మావయ్యా, ఏమనుకోకు. ఇప్పుడు ఆడపిల్ల నా షాపు గుమ్మం తొక్కితే చాలు, అక్కడికెందుకెళ్ళావని ఇంట్లో అడుగుతున్నారంట. గాజులకి కూడా రావట్లేదు. మొన్న ఒకామెని పుట్టింటికి పంపేశారు. ఎవరో నీకు తెలుసు, నేను చెప్పను."

మావయ్య తల ఊపాడు. ట్రే ఒకటి సంచిలోంచి సగం బయటికి తీసి ఉన్నాడు. దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడే మెట్లెక్కి ఒక పెద్దావిడ వచ్చింది. వెనకాల ఆవిడ కోడలు. నేను ఆ అమ్మాయిని ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

"నువ్వేనా కవరింగ్ మావయ్యవి?" అంది పెద్దావిడ. కోడలి మెళ్ళోంచి తీయించిన గొలుసు ఆవిడ చేతిలో ఉంది. పాతది, లంకెల్లో పసుపు. "ఇది మీ దగ్గర కొన్నదేనా? నిజం చెప్పు."

"మా నాయనమ్మదండీ అది" అంది కోడలు మావయ్యతో. "చెప్పండి మావయ్యా. నేను ఈ షాపుకి ఎప్పుడైనా వచ్చానా? నన్ను మీరెప్పుడైనా చూశారా?"

మావయ్య గొలుసు తీసుకుని అరచేతిలో వేసుకుని చూశాడు. ఎంతోసేపు చూడలేదు.

"ఇది మాది కాదమ్మా. ఇది బంగారం" అన్నాడు.

పెద్దావిడ నవ్వింది. "మీరంతా అలాగే అంటారుగా. అత్తకి తెలియకుండా చెయ్యడమేగా మీ వ్యాపారం. బోర్డు మీద మీరే రాసుకున్నారు."

"బోర్డు సంగతి వేరమ్మా. మీ పిల్ల మంచిదమ్మా, ఇది నిఖార్సయిన బంగారం. కంసాలి దగ్గర గీయించి చూడండి, ఇక్కడే రెండు షాపుల అవతల ఉన్నాడు."

"కోడలి గొలుసు గీటురాయి మీద పెట్టించి ఊరంతా చాటుకోమంటావా? చాలు, పోయిన పరువు చాలు."

నేను లేచాను. "అమ్మా, నేను కంపెనీ నుంచి వచ్చానండీ, నా మాట వినండి" అన్నాను. ఆవిడ నా మెళ్ళో వేలాడుతున్న కంపెనీ కార్డు చూసింది. దాని మీద 'పాత మెరుపు' అని రాసుంది. ఆవిడ నాతో మాట్లాడలేదు. మావయ్య చేతిలోంచి గొలుసు లాక్కుని, ఆయన ఒళ్ళో ఉన్న ట్రేలో మా గొలుసుల మధ్యకి విసిరేసింది.

"మీ సరుకు మీరే ఉంచుకోండి" అని మెట్లు దిగిపోయింది.

కోడలు ఆ ట్రే వైపు చూసింది. చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. తీసుకుంటే ఇంట్లో ఏమంటారో, తీసుకోకపోతే ఏమంటారో ఆ పిల్ల ముఖంలో కనపడుతూనే ఉంది. అత్తగారు కిందనుంచి కేకేసింది. ఆ అమ్మాయి వట్టి మెడతో, వట్టి చేతులతో ఆవిడ వెనకాలే దిగిపోయింది.

మావయ్య ట్రేలో వెతికి దాన్ని బయటికి తీశాడు. ట్రే నా చేతిలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు. నేను ఆయన వెనకాలే వెళ్ళాను. ఆ అత్తాకోడళ్ళు అప్పటికే బస్సు దగ్గరికి చేరిపోయారు. బస్టాండులో అంతమంది జనం మధ్య ఆయన గొలుసు పైకెత్తి పట్టుకుని గొంతు చించుకుంటూ అరుస్తున్నాడు.

"అమ్మా, ఇది బంగారం తల్లీ! నిజంగా బంగారం! తీసుకోమ్మా, బంగారమమ్మా ఇది!"

జనం ఆగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. బస్సు కదిలి వెళ్ళిపోయింది. మా బొమ్మ అంటించిన ఆటోకి ఆనుకుని నిలబడ్డ డ్రైవరు మావయ్య చేతిలోని గొలుసు వంక ఎగాదిగా చూసి అడిగాడు.

"అది ఎంతకిస్తావు మావయ్యా?"